తెల్లచీర పేరంటాలు

రైల్వేలో ఉద్యోగం విరమించే మనిషికి ఒక ఆఖరి పాసు ఇస్తారు. సొంతూరి స్టేషను దాకా, సామాన్లతో సహా, టిక్కెట్టు లేకుండా. ఆ రోజు బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారం మీద జరిగే తంతు చూసి తీరాలి. మెడలో మోయలేనన్ని బంతిపూల దండలు, డప్పులు, కళ్ళనీళ్ళు. ఏళ్ళ తరబడి మొహాలు చూసుకోనివాళ్ళు కూడా కావలించుకుని వలవలా ఏడ్చేస్తారు. బండి కదలగానే ముక్కు తుడుచుకుని, ఖాళీ అయిన క్వార్టరు ఎవరికి వస్తుందా అని ఆరా మొదలుపెడతారు. నేను ప్రతిసారీ గుంపు వెనక నిలబడి ఈ నాటకం చూసి నవ్వుకునేవాణ్ణి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన మరుసటి ఏడాది నా వంతు వచ్చింది. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

ఆఫీసు గుమాస్తా ఆదినారాయణ కలం సిరాలో ముంచి, "ఏ స్టేషను రాయమంటావు పోలయ్యా?" అని అడిగాడు.

"తర్వాత చెప్తాను."

"సొంతూరి పేరు చెప్పడానికి తర్వాతేటయ్యా? ముహూర్తం చూసుకోవాలేటి?"

పక్కనున్నవాళ్ళు కిసుక్కుమన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా కసరకుండానే బయటికి వచ్చేశాను. ఎందుకంటే నా సొంతూరు ఏదో నాకు తెలియదు.

మా అయ్య ఎర్రయ్య. రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగులో పనిచేసేవాడు. "మనది సికాకోలు పక్క. మనం దుంపలోళ్ళం" అన్న రెండు ముక్కలకి మించి ఆయన ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. సికాకోలంటే శ్రీకాకుళం, దుంపల మా ఇంటిపేరు. ఏ ఊరు అయ్యా అని అడిగితే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. అమ్మ సంగతి అడిగినా అంతే. నువ్వు పుట్టగానే పోయింది అని ఒక ముక్క అనేసి, చుట్ట అందుకుని, వాకిట్లోకి నడిచేవాడు. ఆయన ఊరికి ఒక్కసారైనా వెళ్ళలేదు. ఊరి నుంచి మమ్మల్ని చూడ్డానికి ఒక పిట్ట కూడా రాలేదు.

నా సంగతి చూస్తే, మా రైల్వే పేట తార్‌బహార్‌లో నా అంత తెలుగువాడు లేడన్నట్టు తిరిగాను. లోకో షెడ్డులో ఫిట్టరు పని, ఇంటికి వస్తే వీధిలో పిల్లల మీద పెత్తనం. నీళ్ళని పానీ అన్నవాడి చెవి మెలేసేవాణ్ణి. నేను వస్తుంటే మా కుర్రాళ్ళు హిందీ మింగేసి తెలుగు వెతుక్కునేవారు. ఇక బిల్హా వైపు పల్లెల నుంచి పనికి వచ్చే ఛత్తీస్‌గఢీ కూలీలంటే నాకు మరీ లోకువ. దేశీవాళ్ళు అని పక్కకు తోసేసేవాణ్ణి. అలాంటి నేను ఊరి పేరు లేని తెలుగువాణ్ణని ఆఫీసులో నలుగురి ముందూ తేలిపోయింది.

మా ఆవిడ చిన్నతల్లి పోయి కొన్నేళ్ళయింది. మాకు పిల్లల్లేరు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి తలుపు తీస్తే, పొద్దున వదిలేసిన చెంబు వదిలేసిన చోటే ఉండేది. దాన్ని జరిపేవాళ్ళు లేకపోవడం ఎంత కష్టమో చెబితే ఎవరికీ అర్థం కాదు. ఒంటరితనం నాకు అలవాటేనని అందరితో అనేవాణ్ణి గానీ అది వట్టి బింకం. ఎవరైనా తలుపు కొడతారేమోనని చెవులు రిక్కించుకుని కూర్చునేవాణ్ణి. క్వార్టరు ఖాళీ చేశాక వెళ్ళాల్సిన చోటొకటి కావాలి. ఫలానావాళ్ళ పోలయ్య అని గుర్తుపట్టే గడప ఒకటైనా కావాలి. నాకు కావలసింది అంతే.

షెడ్డులో నాతో పనిచేసిన చిన్నారావు సలహా ఇచ్చాడు. "ఇంటిపేరు పట్టుకుని పో బావా. దుంపలోళ్ళు ఎక్కడున్నారంటే నలుగురూ చెప్తారు."

"దుంపలోళ్ళు ఆ పక్క ఊరూరా ఉన్నారట. గడపగడపకీ వెళ్ళి నేను మీవాణ్ణేనా అని అడుక్కోమంటావేటి?"

"అలాగైతే గోత్రం చెప్పి అడుగు."

"అది ఇంకా పెద్ద గంప. అందులో ఊళ్ళో సగం మంది పడతారు."

చిన్నారావు చేతులెత్తేశాడు. నేను మాత్రం ఆ రాత్రి పడుకోబోతూ ఒక దారి ఆలోచించాను. మగవాళ్ళ పేర్లు మూడు తరాలు దాటితే ఎవరికీ గుర్తుండవు. పేరంటాలు పేరు మాత్రం ఏ ఇల్లూ మర్చిపోదు. మా వైపు ఇంటి ఆడమనిషి ఎవరైనా పసుపు కుంకుమలతో కన్నుమూస్తే ఆవిడే ఆ ఇంటికి పేరంటాలు. ఏటా చీర పెట్టి, వండి పెట్టి మొక్కాలి. మర్చిపోతే పిల్లలకి జ్వరాలొస్తాయని భయం. ఆవిడ ఆ ఇంటి మనిషే తప్ప పరాయి మనిషి కాదు. కాబట్టి మా పేరంటాలు ఏ ఇంటిదో తెలిస్తే, మా ఇల్లు దొరికినట్టే.

మా పేరంటాలుని పోల్చుకోవడమూ తేలికే. ఆవిడ మొక్కు ఇంకెవరింటి మొక్కులానూ ఉండదు. ఎండలు ముదిరాక, వానలు పడకముందు, అయ్య పెరట్లో మట్టి గద్దె అలికి, దాని మీద ఎర్రంచు తెల్లచీర పెట్టేవాడు. వండిన పిండివంటలేవీ ఉండవు. ముందురోజు అన్నంలో నీళ్ళు పోసిన చద్ది, ఒక ఉల్లిపాయ, ఉప్పు, అంతే. మొక్కయ్యాక చద్దిలో మొదటి ముద్ద నా నోట్లో పెట్టి, తను ఆ పూట తినేవాడు కాదు. చీరని బజారులో ఎదురైన మొదటి దేశీ ఆడమనిషి చేతిలో పెట్టేసి వచ్చేవాడు. అయ్య పోయాక చిన్నతల్లి చేసింది. చిన్నతల్లి పోయాక నేనే చేస్తున్నాను. ఈ పద్ధతి దుంపలవారిలో ఏ గడప వాళ్ళదో కనుక్కోవడమే నా ఉపాయం. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తార్‌బహార్‌లోనే అప్పలనర్సమ్మ అని ఒక ముసలావిడ ఉంది. అయ్యతో పాటు గ్యాంగులో పనిచేసినవాడి భార్య. ప్రతి ఏడూ మా పేరంటాలు మొక్కుకి పిలవకుండానే వచ్చి, గద్దె పక్కన కాసేపు కూర్చుని వెళ్ళేది. ఆవిణ్ణి అడగమని చిన్నారావు అన్నాడు. నేను కొట్టిపారేశాను. ఆవిడ ఇంటిపేరు వేరు, ఊరు వేరు. మా వంశం సంగతి పరాయి ఇంటి మనిషికి ఏం తెలుస్తుంది?

రాయపూర్ వెళ్ళి, అక్కడ విజయనగరం బండి పట్టుకుని, చికాకోల్ రోడ్డు స్టేషన్లో దిగాను. అక్కణ్ణుంచి కొంత జట్కాలో, కొంత నడకలో నాగావళి పక్క ఊళ్ళన్నీ తిరిగాను. దుంపలవారి గడప కనిపిస్తే చాలు, మీ పేరంటాలుకి ఏ చీర పెడతారని అడిగాను. ఒకచోట పసుపు చీర, ఒకచోట ఆకుపచ్చ చీర. చద్ది అనగానే కొందరు తల ఊపేవారు గానీ, తెల్లచీర అనగానే నన్ను కిందా మీదా చూసేవారు. ఒకావిడైతే నా మొహం మీదే తలుపు వేసేసింది. చుట్టూ అందరూ తెలుగు మాట్లాడుతున్నారు. నేను చెవులు మెలేసి నేర్పించిన తెలుగు కంటే ఎంతో చక్కగా, చిన్న పిల్లలు సైతం గలగలా మాట్లాడేస్తున్నారు. నా తెలుగు విని మాత్రం, మీదే ఊరు బావూ, మాట తేడాగా ఉందీ అని అడిగారు. అంత మందిలో ఏకాకినైపోయాను.

ఇక తిరుగు బండి ఎక్కుదామనుకున్న రోజున దొరికింది మా ఇల్లు. బంగార్రాజు అని నాకంటే చిన్నవాడు, పశువుల కొట్టం కప్పు నేస్తూ కనిపించాడు. ఈసారి చీర మాట ఎత్తడానికి జంకి, మా అయ్య పేరు చెప్పి, రైలు పనికి పోయినవాడన్నాను. అతను నిచ్చెన దిగి, "మా చిన్నతాత ఎర్రయ్య అలగే పోయాడట. పుర్రచెయ్యి వాటమా?" అని అడిగాడు.

అయ్య ఎడంచేత్తోనే సుత్తి పట్టేవాడు, ఎడంచేత్తోనే అన్నం తినేవాడు. అవునన్నాను. బంగార్రాజు నాయనమ్మ అచ్చియమ్మ ఇంకా బతికే ఉంది. అయ్యకి వదిన. ఆవిడ నన్ను దగ్గరకు పిలిచి మొహం తడిమింది.

"నీ పేరేటి నాయినా?"

"పోలయ్య."

"మా మావ పేరు! ఎర్రిగాడు తండ్రి పేరే ఎట్టుకున్నాడు సూసేవా!" అని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, సిగ్గుపడకుండా. అంత వయసొచ్చి, గుమ్మంలో నన్ను చూసి ఒకళ్ళు ఏడవడం అదే మొదలు. తాత పేరు, ముత్తాత పేరు, ఆ పై ఆయన పేరు, అన్నీ చెప్పింది. వెనకిల్లు ఖాళీగానే ఉంది, వచ్చి ఉండమని బంగార్రాజు మనస్ఫూర్తిగా అన్నాడు. ఇంకేం కావాలి? పాసు మీద స్టేషను పేరు రాయించేసుకోవచ్చు.

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. నేను ఊరుకునే రకం కాదు. భోజనాలయ్యాక, మన పేరంటాలు ఎవరు పెద్దమ్మా, తెల్లచీర ఎందుకు పెడతారు అని అడిగాను.

అచ్చియమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "తెల్లచీరేటి? ముత్తయిదువకి తెల్లచీర ఎడతారా ఎవులైనా? మన పేరంటాలుకి పసుపు చీర, కొత్త బియ్యం పరమాన్నం."

"అయ్య ఏటా పెట్టేవాడు."

"ఎవులికెట్టాడో మరి. నాయినా, ఎర్రిగాడు పెళ్ళి సేసుకోకుండానే ఎల్లిపోయాడు. మీ అమ్మ ఎవులి పిల్ల?"

నేను పుట్టగానే పోయిందట పెద్దమ్మా, అంతే తెలుసు అన్నాను. వాళ్ళు మళ్ళీ అడగలేదు, మర్యాదస్తులు. కానీ రైల్లో దారి పొడుగునా ఆ ప్రశ్న నా పక్కనే కూర్చుంది. వంశం దొరికిందన్న సంతోషం రాయపూర్ చేరేసరికి సగం ఆవిరైపోయింది. తెల్లచీర ఆ ఇంటిది కాకపోతే ఎవరిది? ఈ ప్రపంచంలో అడగడానికి ఒక్క మనిషే మిగిలింది.

బిలాస్‌పూర్‌లో దిగి, సంచీతోనే తిన్నగా అప్పలనర్సమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ వాకిట్లో బియ్యం ఏరుతోంది. నేను దుంపలవారి ఇల్లు దొరికిందని చెప్పాను. తెల్లచీర సంగతీ చెప్పాను.

"ఇన్నాల్లకి అడిగేవురా పోలిగా," అంది తల ఎత్తకుండా.

"నువ్వెందుకు చెప్పలేదు అత్తా?"

"మీ అయ్య ఒట్టేయించుకున్నాడు. ఆడు అడిగితే సెప్పీ, అడక్కపోతే నీలోనే ఉంచీ అన్నాడు. నువ్వు అడగలేదు."

తర్వాత బియ్యం చేట పక్కన పెట్టి చెప్పింది. పంటలన్నీ ఎండిపోయిన కరువేడు. బిల్హా దాటాక గ్యాంగు పట్టాల మీద పనిచేస్తోంది. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం గంజి కోసం లైను వెంట నడిచి వస్తున్నారు. ఒక దేశీ మనిషి, చంకలో మగబిడ్డతో, కల్వర్టు దగ్గర కూలబడింది. ఎర్రంచు తెల్లచీర, ఇక్కడి నేతది, చిరిగిపోయి ఉంది. అయ్య తన మధ్యాహ్నపు చద్ది ముంత తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాడు.

"అది తిన్లేదురా. ముద్ద తీసి నీ నోట్లో ఎట్టింది. మీ అయ్య నువ్వు తినమ్మా, నువ్వు తినూ అని తెలుగులో మొత్తుకున్నాడు. దానికి అర్థవయితే కదా. 'లైకా లా, లైకా లా' అంది. బిడ్డకి అని. ఆ మాట అంటానే ఒరిగిపోయింది. ముంత నిండా అన్నం ఉంది."

"మీ అయ్య నిన్ను ఎత్తుకుని ఊరూరా తిరిగేడు. సగం ఇల్లకి తాళాలు, సగం ఇల్లల్లో మనుసులే లేరు. ఎవులూ నిన్ను మావోడనలేదు. దాని పేరేటో కూడా తెలీలేదు. అప్పుడు నా సంకలో నా గుంట ఉంది. నా పాలు ఇద్దరికీ సరిపెట్టేను." ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. నీళ్ళు కారుతూనే ఉన్నాయి. "ఏ కులం బిడ్డో ఏటో అని గ్యాంగులో గొడవ. పెళ్ళాడితే వచ్చినామె నిన్ను పారీమంటాదని ఎర్రయ్య పెళ్ళే సేసుకోలేదు. ఊరెల్తే ఇంట్లోవోల్లు నిన్ను గడప తొక్కనివ్వరని ఊరే మానీసేడు. ఆడి తండ్రి పేరు నీకెట్టేడు. దాన్ని తన ఇంటి పేరంటాలు సేసేడు. అచ్ఛా, మరింకేటి సెయ్యాల?"

మా అయ్య ఎందుకు లేచి బయటికి వెళ్ళిపోయేవాడో నాకు అప్పుడు తెలిసింది. ఆయనకు ఇల్లుంది, అన్న ఉన్నాడు, మొహం తడిమే వదిన ఉంది. అవన్నీ నా కోసం వదులుకున్నాడు. నేనేమో ఆయన అందరూ ఉన్నవాడని, నాకు దక్కకుండా దాచేశాడని ఇన్నేళ్ళూ లోలోపల ఆయన మీద అలిగి ఉన్నాను. అప్పలనర్సమ్మ పాదాలు పట్టుకున్నాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, "సంచీ లోపలెట్టి కాల్లు కడుక్కో, అన్నం తిందువు గాని" అంది.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళాను. అచ్చియమ్మ గారి వెనకిల్లు నా కోసం ఎదురుచూస్తోంది. నిజం చెప్పకుండా అక్కడికి వెళ్ళి దర్జాగా బతకవచ్చు. అయ్య నాకు ఆ పేరు మనస్ఫూర్తిగానే ఇచ్చాడు, అది నాదే. దాని మీద ఎవరికీ అనుమానం అక్కర్లేదు. కానీ ఆయన కాలు పెట్టలేకపోయిన గడప లోపల, ఆయన్ని అక్కడికి పోనివ్వకుండా ఆపిన నేను కాళ్ళు చాపుకుని కూర్చోలేను.

"ఇప్పటికైనా ముహూర్తం కుదిరిందేటి?" అన్నాడు ఆదినారాయణ.

"బిల్హా రాయి."

అతను కలం కింద పెట్టేశాడు. "బిల్హాకి ఆఖరి పాసా? ఇక్కడ చుట్ట వెలిగిస్తే అక్కడ పారేయొచ్చు! కలకత్తా దాకా రాయించుకునే హక్కుంది నీకు. ఆ పల్లెలో ఎవరున్నారయ్యా?"

"రాయమన్నాను కదా, రాయి," అని కసిరాను. మరీ గట్టిగా కసిరినట్టున్నాను, అతను గబగబా రాసేశాడు.

బిల్హా వెళ్ళేవాడికి దండలూ డప్పులూ ఎవరు పెడతారు? చిన్నారావు ఒక్కడే స్టేషనుకి వచ్చాడు. ట్రంకు పెట్టె ఎక్కించి, ఆదివారం వస్తాలే బావా అన్నాడు. రాడని ఇద్దరికీ తెలుసు. అప్పలనర్సమ్మ రాలేకపోయింది, ఆవిడకి నడుం లేవడం లేదు.

బిల్హాలో దిగాక ట్రంకు పెట్టె స్టేషన్లో ఉంచి, పట్టాల పక్కనే రాయపూర్ వైపు నడిచాను. ఊళ్ళో ఒక గది చూసుకోవాలి, అది తర్వాత. అప్పలనర్సమ్మ చెప్పిన కల్వర్టు తేలిగ్గానే కనిపించింది. కింద నీళ్ళు లేవు. రెండు వైపులా కోసేసిన వరి మళ్ళు, దూరంగా మేస్తున్న గేదెలు. అంతకు మించి అక్కడ ఏమీ లేదు. ఒక రాయి గానీ, చెట్టు గానీ, ఇక్కడ ఫలానా మనిషి పోయింది అని చెప్పే గుర్తు గానీ లేదు. నేను చెప్పులు విప్పి నిలబడ్డాను.

"అమ్మా," అన్నాను.

అన్నాక గుర్తొచ్చింది. ఆవిడకి తెలుగు రాదు. తినమ్మా అని అయ్య మొత్తుకున్నా అర్థం కాకుండానే పోయింది. ఇన్నేళ్ళూ మా పెరట్లో అయ్య, చిన్నతల్లి, నేను మొక్కిన మొక్కులన్నీ ఆవిడకి తెలియని భాషలోనే మొక్కాం. చుట్టూ చూశాను. నా మాట వినేవాళ్ళు ఎవరూ లేరు. నేను చిన్నచూపు చూసిన ఆ కూలీల మాటలే గుర్తు తెచ్చుకుని, నోట్లో కూడబలుక్కున్నాను.

"దాయీ," అని పిలిచాను. "మంయ్ ఆ గేంవ్."

అమ్మా, వచ్చేశాను అని. ఆ భాషలో నాకు బజారులో బేరమాడటం వచ్చు, కూలీల మీద కేకలేయడం వచ్చు. తల్లితో ఆ తర్వాత ఏం మాట్లాడాలో రాలేదు.